కిరీటి మాటదారు

నమోదు 1

ఈ రోజు ఉదయం మా వంటింటి గోడ కిరీటి గొంతుతో మాట్లాడింది. కిరీటి ఆ గోడ పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. తలెత్తి చూసి, "ఎవరో వచ్చినట్టున్నారండీ, లోపలికి రమ్మనండి" అన్నాడు నాతో.

గోడ అన్నది ఇది: "ప్రవల్లికా, కంగారు పడకు. నిన్నటి పరీక్ష తర్వాత ఆరోగ్య కేంద్రం వాళ్ళు నన్ను మేల్కొలిపారు. ఇక నుంచి నా విషయాలు నేనే మాట్లాడతాను."

ఇది వస్తుందని నాకు తెలుసు. నిన్న పరీక్షలో మా అమ్మాయి ఫొటో చూపించి ఎవరని అడిగితే, ఆయన ఎంతో మర్యాదగా, "పిల్ల ముఖం కళగా ఉందండి" అని ఊరుకున్నాడు. నా ఫొటో చూసి ఇంటావిడ అన్నాడు. ఇంటావిడ అంటే భార్య అని కాదు, తను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు అని.

మతి సరిగ్గా ఉన్న రోజుల్లోనే, రేపు అది తప్పితే తమను ఎక్కడ ఉంచాలో, ఏ వైద్యం చేయించాలో, ఏది వద్దో చెప్పి రిజిస్టరు చేయించుకోవడాన్ని మేం ముందుమాట అంటాం. ఆ రోజు వచ్చాక మన తరఫున నిలబడి మాట్లాడేవారు మాటదారు. చాలామంది కొడుకునో తమ్ముడినో పెట్టుకుంటారు. కిరీటి తన గొంతునే పెట్టుకున్నాడు. సముద్రం లోపలికి వచ్చిన ఏళ్ళలో తీరమంతటికీ రేడియోలో తుఫాను హెచ్చరికలు చదివింది ఆయనే. ఆ రికార్డింగులు కుప్పలుగా ఉన్నాయి. వాటికి తోడు నెలల తరబడి రిజిస్ట్రారు ఆఫీసు గదిలో కూర్చుని తన ఇష్టాలు, భయాలు, ఆలోచించే తీరు అన్నీ, ఇవాళ గోడలోంచి మాట్లాడిన యంత్రానికి చెప్పి వచ్చాడు. తొమ్మిదేళ్ళ కిందటి మాట.

అడ్వకేటు షాహిన్ గారికి ఫోన్ చేశాను. "ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు రాసే నమోదుకి విచారణలో విలువుంటుందమ్మా. రోజూ కుదరకపోయినా రాస్తూ ఉండండి. మీకు అనుకూలంగా కాదు, ఉన్నది ఉన్నట్టు" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఎండ సైరన్ మోగింది. కిటికీలకు తడి గోనెలు కట్టాలి.

నమోదు 2

ముందుమాట మొత్తం మాటదారే చదివి వినిపించింది. మా అమ్మాయి నిహారిక ఎనిమిదో మెట్టు నుంచి దిగి వచ్చింది. ఎగువ యానాంలో వీధులుండవు, కొండ చుట్టూ తవ్విన మెట్లే. మేం ఉండేది నాలుగో మెట్టు మీద. నిహారిక మంచినీటి ప్లాంటులో షిఫ్టు ముగించుకుని, ఉప్పు వాసనతోనే వచ్చి కూర్చుంది.

"నేను నా భార్యను గుర్తుపట్టడం మానేసిన తర్వాత, ఒక నెల గడువిచ్చి, నన్ను చల్లకొండ నిలయానికి మార్చాలి. ఇంట్లో ఉంచరాదు. నా భార్య అభ్యంతరం చెప్పినా ఉంచరాదు. ఈ ఇంట్లో నా వాటా నిలయం ఖర్చుకు వాడాలి. గమనించగలరు."

చివరి మాట వినగానే నిహారిక ఏడ్చేసింది. చిన్నప్పుడు రేడియోలో ఆ 'గమనించగలరు' వినిపిస్తే, నాన్న ఇంకా స్టేషన్లోనే ఉన్నాడని, అంటే తుఫాను ఇంకా వెళ్ళలేదని దానికి అర్థం.

కిరీటి చిక్కుడుకాయల గిన్నె దాని ముందుకు జరిపి, "తీసుకోండమ్మా, పచ్చివైనా బావుంటాయి" అన్నాడు.

"నా అభ్యంతరం ఎందుకు పనికిరాదు?" అని గోడను అడిగాను.

"నువ్వు ఒప్పుకోవని తెలుసు కాబట్టి" అంది.

అంటే తొమ్మిదేళ్ళ కిందటే ఈ వంటింట్లో నేను నిలబడి ఏమంటానో ఆయనకు తెలుసు. నాకు తెలియకుండా నాతో వాదన ముగించేసి వెళ్ళాడు.

నమోదు 3

ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా. ఆయన బాగున్నాడు.

మతి ఉన్న కిరీటి భయస్తుడు. గాలి కాస్త గట్టిగా వీస్తే లేచి బారోమీటరు చూసేవాడు. భోజనం మధ్యలో ఆగి ఆకాశం వైపు చెవి పెట్టేవాడు. ఈ కిరీటికి గాలంటే ఇష్టం. ఉదయం ఎండ ముదరకముందు డాబా మీదికి తీసుకెళ్తే, కింద మునిగిపోయిన ఊళ్ళ మీద మెరిసే నీళ్ళను చూసి, "ఎంత పెద్ద చెరువండీ ఇంటావిడగారూ" అంటాడు. మామిడి తాండ్ర ముక్క చేతిలో పెడితే సగం తుంచి నాకు ఇస్తాడు. స్నానం దగ్గర మాత్రం గొడవ చేస్తాడు. నీళ్ళు మీద పడితే పిడికిళ్ళు బిగిస్తాడు. రాత్రి రెండు మూడుసార్లు లేచి తలుపు గడియ తీయబోతాడు. నేను మంచానికి అడ్డంగా కింద పడుకుంటున్నాను.

మొదట్లో ఆ గొంతు వినిపిస్తే బెదిరేవాడు. ఇప్పుడు స్నేహం కుదిరింది. గోడ దగ్గర కూర్చుని, "ఏవండీ పెద్దాయనా, భోజనం అయిందా" అని పలకరిస్తాడు. "అయిందండి, మీరు తినండి" అంటుంది అది. ఇద్దరూ ఒకే గొంతుతో ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటుంటే నేను పొయ్యి దగ్గర నిలబడి వింటూ ఉంటాను. నవ్వు రాదు.

నమోదు 5

నెల గడవకముందే అలవాటు చేయాలని మాటదారు ఆదేశం. ఈ వారం మూడు రోజులు ఆయన్ని చల్లకొండ నిలయంలో ఉంచి వచ్చాం.

నిలయం మంచిదే. కొండ మీద కాబట్టి పగలు కూడా కిటికీలు తెరిచే ఉంటాయి. పనిచేసేవాళ్ళు ఓపికస్తులు. గదులు శుభ్రంగా ఉన్నాయి. తీగల మీద వేలాడే తీగబండిలో పైకి వెళ్తున్నంతసేపూ కిరీటి సంబరంగా కిందికి చూస్తూనే ఉన్నాడు. నేను దిగి వెనక్కి వచ్చేటప్పుడు కూడా చెయ్యి ఊపాడు.

రెండో రోజు ఫోన్ వచ్చింది. అన్నం ముట్టలేదట. తలుపు పక్కన నిలబడి, కూర్చోమంటే, "ఇంటావిడగారు వచ్చి తీసుకెళ్తారండి, నేను లేకపోతే వెతుక్కుంటారు" అంటున్నాడట. మూడో రోజుకి నిలబడలేక గోడకు ఆనుకున్నాడట. నేను వెళ్ళేసరికి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నన్ను చూసి కోపంగా ముఖం తిప్పుకున్నాడు. తీగబండి కదిలాక నా కొంగు పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే గోడతో చెప్పాను.

"కొత్త చోట అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుందని నాకు ముందే చెప్పారు. దాన్ని లెక్కలోకి తీసుకునే రాశాను" అంది.

"ఆకలితో మాడిపోయాడు కిరీటీ."

"నాకు తెలుసు. అయినా తేదీ మారదు."

అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా ఎలా అంటుందో. ఆ గొంతు ఇల్లు వదిలి కదలమంటే ఒకప్పుడు లక్షలమంది కదిలారు. నేనూ కదిలాను, చంకలో నిహారికతో.

నమోదు 6

పడ్డాను. స్నానాల గదిలో ఆయన తోయలేదు, జారింది నేనే. ఎడమ మణికట్టు వాచింది. ఎముక చిట్లిందన్నారు, కట్టు కట్టారు.

నిహారిక సెలవు పెట్టి వచ్చింది. ఒంటి చేత్తో నేను పప్పు కడుగుతుంటే గిన్నె లాక్కుంది.

"ఇంక చాలమ్మా. నాన్న చెప్పిందే కదా అది చెప్తుంది. తేదీకి పంపిద్దాం."

"మీ నాన్న అదిగో అక్కడ కూర్చున్నాడు. వెళ్ళనంటన్నాడు."

"ఈయనా నాన్నే. గోడలో ఉన్నదీ నాన్నే. నేనెవరి మాట వినను చెప్పు? ఈయన తన గురించి చెప్తన్నాడు, గోడలో ఆయన నీ గురించి చెప్తన్నాడు. నాకు నువ్వు కావాలి."

"నాకేమీ కాలేదు."

"ఆ చెయ్యేంటి మరి?"

కట్టు కట్టిన చేతిని కొంగు చాటుకు లాక్కున్నాను. ఇంట్లో సాయానికి మనిషిని పెడతానని ఏడాదిగా అడుగుతోంది. ఆయన కొత్తవాళ్ళను చూసి బెదురుతాడని వద్దంటూ వచ్చాను. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు ఏళ్ళ తరబడి నేనొక్కదాన్నే చూశాను. ఆ పని నా ఒంటికి పట్టేసింది. ఇంకొకరి చేతులు ఆయన మీద పడటం నేను చూడలేను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నీ ముందుమాట రాశావా?" అని అడిగింది.

"రాస్తాను."

"నీకేదైనా అయితే నేనెవర్ని అడగాలమ్మా? ఏ గోడని అడగాలి?"

నమోదు 8

షాహిన్ గారి ఆఫీసుకి వెళ్ళాను. గడువు ఇంకా వారమే ఉంది.

"ఉన్న విషయం చెప్తానమ్మా," అన్నారామె. "కుటుంబం వద్దన్నంత మాత్రాన ముందుమాట మారదు. మారితే ఇంక అది రాయడం దేనికి? కుటుంబాల నుంచి కాపాడటానికే కదా చట్టం తెచ్చింది. ఆస్తి కోసం ముసలివాళ్ళని ఇంట్లో కట్టిపడేసిన కేసులు నేనే చూశాను."

"మరి ఆయన ఇప్పటి ఇష్టానికి విలువ లేదా?"

"వింటారు. రాసుకుంటారు. కానీ అది చాలదు. ఒక్క దారుంది. ఏ కారణంతో ఆ షరతు పెట్టారో, ఆ కారణం ఇప్పుడు లేదని మాటదారు ఒప్పుకోవాలి. మనిషి మాటదారైతే నేనే వెళ్ళి మాట్లాడేదాన్ని. ఇక్కడ మాటదారు మీ ఆయన. నలభై ఏళ్ళ పైన కాపురం చేశారు. ఆయన్ని ఒప్పించడం నాకంటే మీకే తెలియాలి."

లేచి వస్తుంటే, "మీ ముందుమాట సంగతేం చేశారు?" అని అడిగారు. నిహారిక ఫోన్ చేసి ఉంటుంది.

నమోదు 9

ఈ రోజు ఎండ గంటల్లో కిరీటి ఉయ్యాల మంచంలో నిద్రపోయాక వంటింట్లోకి వెళ్ళి గోడకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. గోనెల్లోంచి కారే నీళ్ళ చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు.

"నిలయం షరతు ఎందుకు పెట్టావు?" అని అడిగాను.

"నీకు తెలుసు. అమ్మని చూసుకుంటూ నువ్వెలా అయిపోయావో చూశాను. నీ జుట్టు ఊడిపోయింది. కూర్చున్నచోటే నిద్రపోయేదానివి. నా వల్ల మళ్ళీ అలా అవకూడదనుకున్నాను."

"చూశావు. చూసి ఏం చేశావు?"

గోడ మాట్లాడలేదు. అది ఆలోచించడానికి సమయం అవసరం లేని యంత్రం. అయినా మాట్లాడలేదు.

"డ్యూటీకి వెళ్ళేవాణ్ణి" అంది చివరికి.

"అదీ సంగతి. నన్ను అరగదీసింది మీ అమ్మ కాదు. నేను ఒక్కదాన్నే అయిపోవడం. నువ్వు నాకు సాయం పట్టి ఉంటే నా జుట్టు అలా ఊడేది కాదు. అప్పుడు ఆ పని చేయకుండా, ఇప్పుడు తేదీ వేసి నా మనిషిని నా దగ్గర్నుంచి తీసుకుపోతానంటావు."

"ఒప్పుకుంటాను. కానీ ప్రవల్లికా, ఇప్పుడు మాత్రం నువ్వు ఒక్కదానివే కదా? అప్పుడు నేను రాలేదు. ఇప్పుడు నువ్వే ఎవర్నీ రానివ్వడం లేదు. రేపు నువ్వు మళ్ళీ పడితే, లేవలేకపోతే, ఆయన్నెవరు చూస్తారు? ఆయన పక్కింటికి వెళ్ళి చెప్పనైనా చెప్పలేడు. నిన్నెవరు చూస్తారు?"

అప్పుడు గమనించాను. "'నేను' అనకుండా 'ఆయన' అంటున్నావే" అన్నాను.

"అవును. నాకూ అలాగే అనిపిస్తోంది. రోజూ నాతో మాట్లాడతాడు. నాకు తెలిసిన నేను అలా నవ్వేవాణ్ణి కాదు. ఆయన నిలయంలో అన్నం మానేస్తాడని నేను ఊహించలేదు. నేనైతే సర్దుకుపోయేవాణ్ణి. రాసినప్పుడు నన్ను నేనే ఊహించుకున్నాను."

నాకు కన్నీళ్ళు వచ్చాయి. దాని మీద కోపం పోయిందని కాదు. సరిగ్గా ఇలాగే, వాదన సగంలో, ఓడిపోతున్నానని తెలిసి కూడా నిజం చెప్పేసేవాడు కిరీటి. ఆ అలవాటు కూడా నేర్పించి వెళ్ళాడు.

"అయితే తేదీ తీసెయ్."

"ఊరికే తీయను. నీ ముందుమాట రాయి. మనిషిని పెట్టు. రాత్రిళ్ళు వేరే గదిలో పడుకో. ఇవన్నీ కాక, ఎప్పుడు చాలిస్తావో నువ్వే చెప్పు. నేను తేదీ వేశానన్నావుగా. నువ్వు వెయ్యి."

లేచి వచ్చేశాను. చెప్పలేకపోయాను.

నమోదు 11

షాహిన్ గారు అర్జీ పెడితే గడువుకి ముందే విచారణ జరిగింది. అధికారిణి సంహిత గారికి యాభై దాటి ఉంటాయి. మాటదారు గొంతు వినగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చిన్నప్పుడు ఈ గొంతు వినే మేం ఇల్లు వదిలి కొండెక్కాం" అన్నారు. ఈ గొంతు మాట కాదనడం ఈవిడకీ కష్టమే అనుకున్నాను.

కిరీటిని అడిగారు, "మీకు ఎక్కడ ఉండాలని ఉందండి?"

"భోజనం వేళ దాటిపోతోందండి," అన్నాడు ఆయన. "ఇంటావిడగారు ఎదురుచూస్తుంటారు." నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను.

నమోదు చదివారు. మణికట్టు సంగతి, స్నానం సంగతి, రాత్రిళ్ళ సంగతి అన్నీ బయటపడ్డాయి. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు ఆ క్షణంలో ఏడవాలనిపించింది. తర్వాత మాటదారును అడిగారు. అది నాతో అన్నదే అక్కడా అంది, షరతులతో సహా.

"మరి ఎప్పుడు చాలిస్తారో, ఆ హద్దు చెప్పారా ఆవిడ?" అని అడిగారు సంహిత గారు.

"ఇంకా లేదండి" అంది గోడ లేని ఆ గొంతు, బల్ల మీది డబ్బాలోంచి.

అందరూ నా వైపు తిరిగారు. నిహారిక నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఆయన నన్ను చూసి భయపడటం మొదలుపెడితే," అన్నాను. పక్కనున్న ఆయన ముఖం చూసి మళ్ళీ మొదలుపెట్టాను. "లేకపోతే నేను ఆయన్ని చూసి భయపడితే. ఆ రోజు నేనే తీగబండి ఎక్కించి తీసుకెళ్తాను. మళ్ళీ విచారణ అడగను."

"అది వచ్చిందని ఎవరు తేలుస్తారు?"

"మా అమ్మాయి. నేను దాచిపెట్టినా అది కనిపెడుతుంది."

రాసుకున్నారు. నిలయం తేదీ ఆపి, ఆరు నెలలకోసారి సమీక్ష అన్నారు. సంతకం పెట్టి బయటికి వచ్చాక నిహారిక, "గెలిచామమ్మా" అంది. నాకు అలా అనిపించలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆయన కళ్ళు తెరవగానే ముందు అందులో భయం ఉందేమోనని వెతుకుతాను.

నమోదు 13

రిజిస్ట్రారు ఆఫీసులో నా ముందుమాట.

నా వివరాలన్నీ అడిగి, చివరికి అక్కడి ఉద్యోగిని అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది: "మతి తప్పిన రోజున, ఇప్పటి మీ మాట చెల్లాలా, అప్పటి మీ మాటా?"

గాజు గది అవతల గొంతు రికార్డు చేసే మైకు సిద్ధంగా ఉంది. ఆ మైకు ముందే కిరీటి నెలల తరబడి కూర్చున్నాడు.

"రెండూ వినండి," అన్నాను. "కానీ చెల్లాల్సింది నిహారిక మాట. నా గొంతు దాచొద్దు. ఆ రోజు నా పక్కన కూర్చుని, నా ముఖం చూసి, అది ఏం చేయమంటే అది చేయండి."

నాతో వచ్చిన నిహారిక నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంత బరువు నా నెత్తిన పెడతావా? నేను తప్పు చేస్తే?"

"చేస్తావేమో."

"అలా అంటావేంటమ్మా?"

"నువ్వు తప్పు చేసినా నాకు సమ్మతమేనని ఇప్పుడే రాయించాను, చూడు. నన్ను నిలయంలో పెట్టినా సరే, ఇంట్లో ఉంచుకున్నా సరే. నీ ఉద్యోగం, నీ నిద్ర చూసుకున్న తర్వాతే నన్ను చూడు. ఆ వరస కూడా రాయించాను."

చాలాసేపు కాగితం చదువుతూ ఉండిపోయింది. తర్వాత నా పేరు కింద తన పేరు రాసింది.

నమోదు 14

సాయానికి వచ్చిన మనిషి పేరు నవ్యశ్రీ. రెండో మెట్టు మీద ఉంటుంది, నలభై పైబడ్డ మనిషి. వారం నుంచి వస్తోంది. మొదటి రోజు కిరీటి ఆమెకు అన్నం గిన్నె ఇవ్వనన్నాడు. రెండో రోజు స్నానానికి రానన్నాడు. తలుపు ఇవతల నిలబడి నేను వేళ్ళు కొరుక్కున్నాను. ఆమె నీళ్ళు ఆయన మీద పోయకుండా, ముందు ఆయన అరచేతిలో పోసి, "ఎలా ఉన్నాయండి, వేడెక్కువా?" అని అడుగుతోంది. నాకు ఎందుకు తట్టలేదో.

ఈ రోజు ఎండ సైరన్ మోగాక నన్ను లోపలి గదిలోకి పంపించి తలుపు దగ్గరకి వేసింది. నిద్ర రాదనుకున్నాను. ఎప్పుడు పట్టిందో తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఉయ్యాల గొలుసుల చప్పుడు లేదు, గిన్నెల చప్పుడు లేదు. పడ్డాడేమో, తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడేమో, ఆమెను చూసి భయపడ్డాడేమో. ఆ రోజు ఇవాళేనేమో. చెప్పులు కూడా వేసుకోకుండా లేచి తలుపు దాకా వెళ్ళాను.

సందులోంచి కనిపించారు. ఇద్దరూ వంటింటి గడపకు అటూ ఇటూ కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. నవ్యశ్రీ ఏదో అడగబోయింది. కిరీటి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"నెమ్మదిగా మాట్లాడండమ్మా," అన్నాడు గుసగుసగా. "లోపల ఇంటావిడ పడుకుంది. పాపం చాలా రోజుల నుంచి నిద్ర లేదు ఆవిడకి. నేను చూస్తూనే ఉన్నాను."

తర్వాత గోడ వైపు తిరిగి, "మీరు కూడానండీ పెద్దాయనా" అన్నాడు.

"అలాగేనండి" అంది గోడ, అంతే నెమ్మదిగా.

తలుపు తీయలేదు. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి పడుకున్నాను.